ఎనిమిది వాషర్ల అంగీ

ఆ ఏడు కాలువను డెబ్భై రోజులు కట్టేశారు. మామూలుగా నలభైకి మించి కట్టరు. గట్లు చాలాచోట్ల కోసుకుపోయాయనీ, అడుగున సిమెంటు వేయాలనీ అన్నారు. మా నాన్న పని కాలువ తలుపుల దగ్గర. పెద్ద ఇనప చక్రం తిప్పి తలుపులు ఎత్తాలి, దించాలి. రోజుకు రెండుసార్లు గట్టున పాతిన పలక మీద నీటిమట్టం చూసి పై ఆఫీసుకు ఫోన్లో చెప్పాలి. మా ఇల్లు ఆ తలుపులను ఆనుకునే ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ నీళ్ళ హోరులోనే మాట్లాడుకున్నవాళ్ళం. అది ఆగిన మొదటి రోజు ఒకరి మాట ఒకరికి మరీ పెద్దగా వినిపించి, అందరం గొంతు తగ్గించుకున్నాం. నాకు మాత్రం తగ్గించుకునే పని పడలేదు. నా గొంతు ఎప్పుడూ అంతే. అక్క నన్ను పిలిచేదే 'గుసగుసా' అని.

నేను డైరీ రాస్తాను. పేజీ పైన నాన్న ఫోన్లో చెప్పే నీటిమట్టం రాసి, కింద ఆ రోజు జరిగింది రాస్తాను. ఆ డెబ్భై రోజుల పేజీలకూ పైన సున్నాయే ఉంది.

కాలువ కట్టేసే ముందు ఆదివారం బాప్తిస్మాలు పెట్టారు. మా మందిరంలో తొట్టి లేదు. ఎవరికి ఇవ్వాలన్నా మా తలుపుల కిందున్న మెట్ల దగ్గరే. ఆసారి జాబితాలో ఐదుగురి పేర్లున్నాయి. చివరి రెండూ నాదీ అక్కదీ. అక్కకు పంతొమ్మిది, నాకు పదిహేను.

అమ్మ కుట్టుపని చేస్తుంది. మా ఇద్దరికీ ఒకే తాను నుంచి తెల్ల అంగీలు కుట్టింది. నీళ్ళలోకి దిగితే అంగీ గొడుగులా పైకి తేలుతుందని, అంచు మడతలో ఇనప వాషర్లు పెట్టి కుట్టింది. అక్క పొడుగు కాబట్టి దాని అంగీకి ఎనిమిది, నా దానికి ఆరు.

"ఏంటమ్మా ఇది, బరువులు కట్టి మరీ దించుతున్నావు? మళ్ళీ పైకి రావద్దనా?" అంది అక్క.

"నోరు ముయ్యవే. శుభమా అని కుడుతుంటే ఏం మాటలవి?"

అప్పుడే నాన్న పనిముట్ల డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "నా వాషర్లు ఎవరు తీశారు?"

"దేవుడి పనికి తీశాను" అంది అమ్మ, మిషను ఆపకుండానే.

"దేవుడికి వాషర్లెందుకు?"

"మీరు మందిరానికి వస్తే తెలిసేది."

నాన్న మందిరానికి రాడు. తలుపులు వదిలిపెట్టి ఎలా వస్తానంటాడు. డబ్బాలో మిగిలినవి చూసుకుని, "పద్నాలుగు పోయాయి" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. అక్క నవ్వు ఆపుకోలేక నా వీపులో మొహం దాచుకుంది.

బాప్తిస్మానికి ముందు మెట్ల మీద నిలబడి సంఘం అందరి ఎదుటా సాక్ష్యం చెప్పాలి. ఎలా తప్పిపోయామో, ప్రభువు మనల్ని ఎలా రక్షించాడో. నేను కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకున్నాను. అక్క నన్ను తలుపుల మీది వంతెనకు ఆ చివర నిలబెట్టి, తను ఈ చివర నిలబడి చెప్పించేది.

"వినపడలా! కప్పలు నయం, నీకంటే గట్టిగా చెప్తున్నాయి సాక్ష్యం."

"అక్కా, అసలు నేను తప్పిపోలేదు కదా. ఏమని చెప్పను?"

"నువ్వు తప్పిపోవడం కూడానా! సందు చివరి కొట్టుకి పోవాలంటే నేను తోడు రావాలి నీకు." నవ్వి దగ్గరికి వచ్చింది. అక్క ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసేది. పని నుంచి వచ్చిన గంట దాకా దాని చేతులు చల్లగానే ఉండేవి. వాటిని తెచ్చి నా మెడ మీద పెట్టేది. నేను కెవ్వుమనేదాన్ని. "అదుగో, ఆ గొంతు! ఆ గొంతుతో చెప్పు, చాలు."

ఆదివారం పొద్దున మా ముందుగదిలోనే బట్టలు మార్చుకున్నాం. కిటికీకి అవతలే మెట్లు. సంఘమంతా వచ్చింది. అమ్మ కింద, తువ్వాళ్ళు పట్టుకుని నిలబడింది. ముగ్గురి సాక్ష్యాలయ్యాయి, ముగ్గురూ నీళ్ళలోకి దిగి లేచారు. తరవాత నా పేరు పిలుస్తారు. కాగితం చెమటకు తడిసి అక్షరాలు కలిసిపోయాయి.

"అక్కా, నా వల్ల కాదు."

"నిజంగానా?"

తల ఊపాను. అక్క నా మొహంలోకి ఒక నిమిషం చూసింది. "సరే, కూర్చో" అని, అంగీ అంచు ఎత్తి పట్టుకుని బయటికి వెళ్ళింది. కిటికీలోంచి దాని మాట నాకు వినిపించింది.

"పాస్టరుగారూ, నాకు ధైర్యం చాలట్లేదండి. నేను ఇప్పుడు దిగలేను. నేను దిగకుండా చెల్లి దిగదు. ఈసారికి మమ్మల్ని వదిలేయండి."

పాస్టరుగారు మంచివాడు. నొచ్చుకోలేదు. "దానిదేముందమ్మా, రెండు నెలలేగా. కాలువ వదిలాక ఇద్దరూ కలిసే దిగండి. దేవుని రాజ్యం ఎక్కడికీ పోదు" అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ తువ్వాళ్ళు మంచం మీదికి విసిరింది. "నలుగురిలో తల దించుకునేలా చేశావు కదే! చిన్నది భయపడిందంటే అర్థముంది. నీకేమొచ్చింది?"

"నాకే నోరు పెగల్లేదమ్మా. దాన్నేమీ అనకు" అంది అక్క. బల్ల కింద నుంచి కాలితో నా కాలు తొక్కింది, మాట్లాడొద్దని. మాట్లాడొద్దని ఎవరైనా చెబితే నాకు సుళువు. మాట్లాడలేదు.

తరవాత వంతెన మీద అంది, "కాలువ వదిలే లోపు ఆ గొంతు ఎక్కడుందో వెతుక్కో గుసగుసా. ఇంకోసారి నేను పిరికిదాన్ని కాను."

ఇరవయ్యో రోజున అక్కకు జ్వరం వచ్చింది. ఇరవై రెండో రోజున ఆస్పత్రిలో చేర్పించారు. జ్వరం మెదడుకెక్కిందన్నారు. ఇరవై నాలుగో రోజు మధ్యాహ్నం భోజనాల వేళకి అయిపోయింది.

దాని గురించి ఇంతకంటే రాయలేను. డైరీలో కూడా ఇంతే ఉంది. నాకు ఏడుపు రాలేదు. వరండాలో ఎవరో బకెట్ ఈడ్చుకుంటూ పోతుంటే, ఆ చప్పుడు ఎంతదూరం వినిపిస్తుందా అని విన్నాను. అక్క చేతులు పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. ఆ చేతులు ఎప్పుడూ చల్లగానే ఉండేవి.

ఇంటికి తెచ్చాక అమ్మ పెట్టె తెరిచి, తెల్ల అంగీ తీసి ఆడవాళ్ళ చేతికిచ్చింది. "ఇది వెయ్యండి" అంది. వాళ్ళు వేశారు. నడుము దాకా దుప్పటి కప్పారు. మర్నాడు పొద్దున సమాధుల తోటకు తీసుకెళ్ళారు. తవ్విన మట్టిలోంచి నాన్న ఒక పిడికెడు తీసి, వేయాలో వద్దో తెలియనట్టు చాలాసేపు పట్టుకునే నిలబడ్డాడు. పాస్టరుగారు ప్రార్థన చేస్తూ ఒకచోట ఆగిపోయాడు. రెండు నెలలేగా అన్న మాట గుర్తొచ్చిందేమో. నాకైతే గుర్తొచ్చింది.

ఎనిమిది రోజుల తరవాత అమ్మ మిగిలిన అంగీని మడత పెట్టబోయింది. నేను పక్కనే బొత్తాలు ఏరుతున్నాను. అమ్మ కుట్టుపనిలో కళ్ళకంటే వేళ్ళతోనే ఎక్కువ చూస్తుంది. అంచు తడుముతూ ఒకచోట ఆగింది. మళ్ళీ మొదటి నుంచీ తడిమింది.

"ఎనిమిదున్నాయి" అంది.

నేను తలెత్తాను.

"ఇది దానిది. దానికి నీది వేసి పంపించాను."

అంగీ ఎత్తి నా భుజాలకు ఆనించి చూసింది. నా పాదాలు దాటి నేల మీద పడింది. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోయాయి. నేను లేచి గిన్నె దించాను.

"దానికి మోకాళ్ళ పైకి వచ్చి ఉంటుంది" అంది. "చూడనే లేదు. ఆడవాళ్ళయినా చెప్పలేదు. చెల్లెలి బట్టలో పంపాను, మోకాళ్ళు కనిపిస్తూ. రాజుల రాజు ఎదుట నిలబడేటప్పుడు..."

సంఘంలో ఒకావిడ ఉంది. ఆమె ప్రార్థన నాలుగు వీధులకు వినిపిస్తుంది. అక్క ఆమెకు 'మైకు అత్త' అని పేరు పెట్టింది. ఆ వారమే పాస్టరుగారితో కలిసి మా ఇంటికొచ్చింది. అమ్మ చెయ్యి పట్టుకుని, "గడప దాకా వచ్చి ఆగిపోయింది పిచ్చితల్లి. ఆ రోజు దిగి ఉంటేనా!" అంది, తన మామూలు గొంతుతోనే. చక్రం దగ్గరున్న నాన్నకు కూడా వినిపించే ఉంటుంది.

అమ్మ ఆమె వైపు చూడలేదు. పాస్టరుగారితో అంది, "అయ్యా, సంఘం పుస్తకంలో దాని పేరు రాయండి. బాప్తిస్మం పొందినవాళ్ళ వరసలో."

పాస్టరుగారు కుర్చీ చివరికి జరిగాడు. "అమ్మా, నేను రాస్తే తలుపు తెరుచుకునేదీ కాదు, రాయకపోతే మూసుకునేదీ కాదు."

"మరి ఆ పుస్తకం ఎందుకండీ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, "సిలువ మీద పక్కనున్న దొంగకు ఎవరిచ్చారమ్మా బాప్తిస్మం? ఆ రోజే తనతో ఉంటావన్నాడు ప్రభువు. అంతకంటే ఇంకేం కావాలి?" అన్నాడు.

"దొంగ అడిగాడయ్యా. నా కూతురు వద్దంది."

మైకు అత్త అమ్మ చెయ్యి వదిలేసింది. అమ్మ గొంతు మామూలుగానే ఉంది, కూరగాయల ధర చెబుతున్నట్టు. "నీళ్ళు లేక ఆగిపోతే నేనేమీ అనుకునేదాన్ని కాదు. నీళ్ళు నిండుగా ఉన్నాయి, మీరున్నారు, నేనున్నాను. గుమ్మం దాటి వచ్చి, నేను దిగనంది. ధైర్యం చాలట్లేదంది. నా చెవులతో విన్నాను. అడిగినవాడి సంగతి నాకెందుకు చెబుతారు?"

నేను తలుపు పక్కన మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పుడే చెప్పాల్సింది. ఒక్క మాట. గ్లాసులు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళాను. డైరీలో రాశాను, అక్క కాదు నేను అని. పేజీ నిండా అదే రాశాను. రాస్తే నోటికి వస్తుందేమో అనుకున్నాను. రాలేదు.

నీళ్ళు లేవని తెలిసి కూడా నాన్న రోజూ పొద్దున్నే వెళ్ళి పలక చూసి వచ్చేవాడు. ఫోన్లో "సున్నా" అని చెప్పేవాడు. ఒకరోజు ఆయన చక్రానికి గ్రీజు రాస్తుంటే గుడ్డ పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"నాన్నా, అక్క ఇప్పుడెక్కడుంది?"

చాలాసేపు గ్రీజు రాశాడు. "నన్నడుగుతావేంటి? నాకు ఈ తలుపుల సంగతే తెలుసు."

"తలుపుల సంగతే చెప్పు."

"పైన వదలాల్సింది వదులుతారు. ఎంత వదలాలో వాళ్ళకు తెలుసు. నేను ఎత్తుతాను, అంతే. నీళ్ళు నావి కావు." గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. "మీ అమ్మ తిండి తినట్లేదు. నీకేమైనా తెలిస్తే దానికి చెప్పు."

నాకు తెలుసని ఆయనకెలా తెలుసో ఇప్పటికీ తెలియదు. ఊరికే అన్నాడేమో కూడా.

అరవై తొమ్మిదో రోజు అమ్మ నన్ను మిషను దగ్గరికి పిలిచింది. ఎల్లుండి కాలువ వదులుతారు, వచ్చే ఆదివారం బాప్తిస్మం. నేనొక్కదాన్నే. అక్క అంగీ నాకు తొడిగింది. భుజాలు జారిపోతున్నాయి. చేతులకు మడతలు పెట్టింది.

"కింద కత్తిరించనా?" అని తనలో తనే అనుకుని, కత్తెర తీసి మళ్ళీ పక్కన పెట్టేసింది. "దీనికి కత్తెర పెట్టలేను. ఎత్తి పట్టుకుని నడువు." తరవాత మోకాళ్ళ మీద కూర్చునే, నా మొహం చూడకుండా అంది, "ఒక మాట చెప్తాను, ఎవరితోనూ అనకు. పాస్టరుగారు ఒకసారి ముంచి లేపుతారు. ఆయన చెయ్యి వదిలాక ఇంకోసారి నీ అంతట నువ్వే మునుగు. దాని పేరు తలుచుకుని."

"అలా చెల్లుతుందా అమ్మా?"

"చెల్లదు అని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నువ్వు కూడా చెప్పకు."

సరే అన్నాను. అంచులో వాషర్లు నా కాళ్ళకు ఒకదాని తరవాత ఒకటి తగిలాయి.

కాలువ వదిలారు. మొదటి రోజు బురద నీళ్ళు, చెత్త, ఒక చెప్పు, ఒక విరిగిన కుర్చీ వచ్చాయి. ఆదివారానికి నీళ్ళు తేటపడ్డాయి. కానీ డెబ్భై రోజుల దాహం కాబట్టి పై నుంచి నిండుగా వదిలారు. నాన్న తలుపులు పూర్తిగా ఎత్తి ఉంచాడు. హోరుకి పక్కవాళ్ళ మాట వినిపించట్లేదు. పాట పాడుతుంటే నోళ్ళు మాత్రమే కనిపించాయి.

అంగీ రెండు చేతులతో ఎత్తి పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాను. అమ్మ కింద అదే చోట, ఒకటే తువ్వాలు పట్టుకుని ఉంది. పాస్టరుగారు ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి నా వైపు తలూపాడు. నేను మొదలుపెట్టాను. నా మాట నాకే వినిపించలేదు.

"వినపడట్లా!" అంది మైకు అత్త. ఆమె మాట మాత్రం వినపడింది.

మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఒకరిద్దరు నవ్వారు, చెడ్డగా కాదు. పాస్టరుగారు, ఫర్వాలేదు, దిగు అన్నట్టు చెయ్యి ఊపాడు. దిగితే అయిపోయేది. ఆ క్షణంలో నాకు అదే కావాలనిపించింది.

అప్పుడు పైన చక్రం కిర్రుమంది. నాన్న తలుపులు దించుతున్నాడు. కాలువ నిండుగా పారే రోజున, పై ఆఫీసు చెప్పకుండా. ఒకటి, రెండు, మూడు దిగాయి. హోరు తగ్గింది. తగ్గి, తగ్గి, ఆగిపోయింది. మెట్ల దగ్గర నీళ్ళు తొట్టిలో నీళ్ళలా నిలబడ్డాయి. తలుపుల గదిలో ఫోను మోగడం మొదలుపెట్టింది. నాన్న తీయలేదు. చక్రం మీద చేతులు పెట్టుకుని కిందికి, నా వైపు చూస్తున్నాడు.

ఇక నా గుసగుస చాలు.

"ఆ రోజు భయపడింది నేను" అన్నాను. "అక్క కాదు. అక్కకు సాక్ష్యం మొత్తం నోటికి వచ్చు. నేను దిగలేనంటే, నన్నెవరూ ఏమీ అనకూడదని, తనే పిరికిదాన్నని చెప్పింది. అందరూ అదే నమ్మారు. నేను ఊరుకున్నాను."

ఫోను మోగుతూనే ఉంది.

"నా తప్పు తన మీద వేసుకుంది. నా అంగీలోనే వెళ్ళిపోయింది. ఇది తనది, నేను వేసుకున్నాను. రక్షణ గురించి నాకు ఇంతే తెలుసు."

కాగితం మీద రాసుకున్న నాలుగు వాక్యాల్లో ఇది ఒక్కటీ లేదు. అమ్మ వైపు చూడలేదు. మెట్లు దిగాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి, మెడ దాకా వచ్చేసరికి ఆ చలి ఎక్కడిదో గుర్తొచ్చింది. కెవ్వుమనలేదు. అంగీ పైకి తేలలేదు. ఎనిమిది వాషర్లూ అంచును కిందికి లాగి పట్టుకున్నాయి. పాస్టరుగారు అనాల్సిన మాటలు అన్నాడు. ముంచి, లేపి, చెయ్యి వదిలాడు.

ముక్కులోంచి నీళ్ళు చీదుకున్నాను. ఇంకోసారి మునగాలి. ఊపిరి బిగబట్టి మోకాళ్ళు వంచాను.

ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. అమ్మ. చెప్పులతోనే నీళ్ళలోకి దిగి వచ్చింది. తువ్వాలు సగం తడిసిపోయింది.

"చాలు" అంది. "ఒక్కసారి చాలు. పైకి రా."

మెట్టెక్కుతుంటే నేను తట్టుకుని పడకుండా వెనక నుంచి అంగీ అంచు ఎత్తి పట్టుకుంది. దాని మీద ఆమె వేళ్ళు కదులుతున్నాయి. వాషర్లు లెక్కపెడుతోందేమో అనుకుని వెనక్కి తిరిగి చూశాను. లేదు. నీళ్ళు పిండుతోంది.

పైన నాన్న తలుపులు ఎత్తడం మొదలుపెట్టాడు. హోరు మళ్ళీ వచ్చింది. మైకు అత్త ఏదో ప్రార్థన చేస్తోంది, ఆమెది కూడా వినిపించలేదు. సాయంత్రం నాన్న పలక చూసి వచ్చి, పొద్దున నీళ్ళెందుకు ఆగాయని ఆఫీసు వాళ్ళు అడిగితే, "ఇంట్లో పని పడింది" అని చెప్పాడు. తరవాత మట్టం చెప్పాడు. ఆ రోజు పేజీ పైన నాలుగు అడుగుల రెండు అంగుళాలు అని రాసుకున్నాను.

కింద ఏమీ రాయలేదు. చెప్పేశానుగా.